ఊరితో, యంత్రంతో పనిచేసే కళాకారుల కెరీర్ ఎలా నడుస్తుంది?

నెల్లూరులోనో ఒంగోలులోనో పుట్టిన అమ్మాయి కడపకో హైదరాబాదుకో విశాఖకో వెళ్లి ఫైన్ ఆర్ట్స్ చదివి వస్తుంది. తన పరిచయంలో ‘సాంకేతికతతో, సమాజంతో పనిచేసే సమకాలీన కళాకారిణి’ అని రాసుకుంటుంది. ఇంట్లో పెద్దవాళ్లకు వెంటనే ప్రశ్నలు వస్తాయి. బొమ్మలు గీయవా? గీసినవి అమ్మవా? పల్లెల్లో తిరిగి మైకులు బిగిస్తే అది కళ ఎలా అవుతుంది? డబ్బులెవరిస్తారు? ఏఐ గీసే బొమ్మల గురించి రోజూ ఏదో ఒక వార్త వస్తున్నందువల్ల ఈ గందరగోళం ఇంకాస్త ముదిరింది.

ప్రశ్నలన్నీ న్యాయమైనవే. జవాబులు మాత్రం కళాకారుల సీవీల్లో దొరకవు. సీవీలో ప్రదర్శనల పేర్లు, నగరాలు, సంవత్సరాలు ఉంటాయి. పని ఎలా జరిగిందో, డబ్బు ఎటు పోయిందో, కళాకారిణి వెళ్లిపోయాక ఊళ్లో ఏం మిగిలిందో అందులో కనిపించదు. ఈ తరహా కెరీర్ బలం, బలహీనత రెండూ ఆ కనిపించని భాగంలోనే ఉన్నాయి.

దేన్ని ఈ పేరుతో పిలుస్తారు, దేన్ని పిలవరు

ట్యాబ్లెట్ మీద గీసిన బొమ్మ డిజిటల్ చిత్రం. ఏఐ సాఫ్ట్‌వేర్‌కు నాలుగు మాటలు చెప్పి రాబట్టిన బొమ్మ కూడా ఆ కోవలోదే. అక్కడ యంత్రం కుంచె స్థానంలో ఉంది, అంతే. ఊళ్లో గోడ మీద అందరితో రంగులు వేయించడం సామూహిక చిత్రం. అందులో జనం ఉన్నారు, యంత్రం గురించిన ఆలోచన లేదు. ఈ వ్యాసంలో చూస్తున్న తరహాలో యంత్రాన్ని పదిమంది చేతుల్లో పెట్టి, దాంతో వాళ్లేం చేస్తారో చూడటమే పని. కెమెరా ఎవరి చేతిలో ఉంది, తెర ఎవరింట్లో ఉంది, రికార్డు ఎవరి దగ్గర దాగింది అన్నవి అందులో కూర్పుకు సంబంధించిన విషయాలు. చిత్రకారుడికి రేఖ, రంగు ఎలాగో వీళ్లకు అవి అలాగ.

ఇంకో తరచు ప్రశ్న: ‘ఇది స్వచ్ఛంద సంస్థ చేసే పని కదా?’ సంస్థ ఒక సమస్యను పెట్టుకుని వస్తుంది, అది ఎంత తగ్గిందో లెక్క చూపిస్తుంది. కళాకారిణి అలా ముందే తేల్చిన ఫలితంతో రానక్కర్లేదు. ఊరు తనను తాను ఎలా వింటుంది, ఎలా చూసుకుంటుంది అన్న ఆసక్తితో వస్తుంది. ఆచరణలో ఈ రెండూ కలిసిపోయే చోట్లు చాలా ఉన్నాయి. తగువులన్నీ పుట్టేది కూడా ఆ చోట్లలోనే.

ఈ కలయిక మన ప్రాంతానికి కొత్తదేమీ కాదు. నెల్లూరు సీమ తోలుబొమ్మలాటే తీసుకోండి. తోలును పలచగా, వెలుతురు పారేలా చేసి రంగులద్దడం, తెల్లని తెర వెనుక దీపాన్ని ఎంత దూరంలో ఉంచితే నీడ ఎంత పెరుగుతుందో లెక్కకట్టడం సాంకేతిక విద్యే. ఆముదం దీపాల నుంచి పెట్రోమాక్స్‌కు, దాన్నుంచి కరెంటు బల్బుకు మారినప్పుడల్లా బొమ్మ తీరు మారింది. దీపపు సెగ ఊగితే బొమ్మలో ప్రాణం కదిలినట్టుండేది. నిలకడగా వెలిగే బల్బు వచ్చాక ఆ కదలికనంతా చేతులే తేవాల్సి వచ్చింది. ఊరివాళ్లు ఆట మధ్యలో మాట కలిపితే కేతిగాడు, బంగారక్క ఆ ఊరి సంగతులతోనే జవాబు చెబుతారు. ఇవాళ ‘ఇంటరాక్టివ్’ అని గ్యాలరీలు మురిసిపోయే గుణం అక్కడ ఎప్పటినుంచో ఉంది. కొత్త తరహా కళాకారులకు దొరికే గ్రాంటులు ఆ కళాకారుల కుటుంబాలకు అంతగా చేరకపోవడం గురించి మాట్లాడుకోవాలి. ఆ మాట విమర్శల దగ్గర మళ్లీ వస్తుంది.

ఒక అసలైన కెరీర్: ముంబై క్యాంప్

ఊహల్లో కాకుండా నడిచిన దారినే చూద్దాం. ముంబై కళాకారిణి షైనా ఆనంద్ 2006లో దిల్లీలోని ఖిర్కీ ఎక్స్‌టెన్షన్‌లో ‘ఖిర్కీయాన్’ అనే పని చేశారు. ఖోజ్ అనే కళాకారుల సంస్థ ఉన్న పేట అది. చవక సీసీ కెమెరాలు, మైకులు, టీవీలు, కేబుల్ టీవీ తీగలు తీసుకుని ఇరుగుపొరుగు ఇళ్లను, దుకాణాలను కలిపారు. ఒక చోట కూర్చున్నవాళ్లు టీవీలో మిగతా చోట్ల వాళ్లను చూస్తూ, వాళ్లతో మాట్లాడవచ్చు. నిఘా కోసం అమ్మే సామాను ముచ్చట్లకు ఉపయోగపడింది. చూసేవాడు ఎక్కడో తెలియని గదిలో లేడు, పక్కింట్లోనే ఉన్నాడు. మార్పు చిన్నదే, కానీ కెమెరా అర్థమే తిరగబడింది.

తర్వాత ఆమెతో జతకట్టిన కళాకారుడు అశోక్ సుకుమారన్ నేపథ్యం వేరు. కరెంటు, దీపాలు, నగర వీధులు ఆయన సామగ్రి. ఇద్దరూ మరికొందరితో కలిసి 2007లో ముంబైలో క్యాంప్ అనే బృందాన్ని పెట్టారు. 2008లో మిత్ర సంస్థలతో కలిసి ‘పాడ్.మా’ అనే వీడియో భాండాగారాన్ని ఇంటర్నెట్‌లో తెరిచారు. పూర్తయిన సినిమాల బదులు తీసిన ముడి దృశ్యాలను, వాటి పక్కన సమయాన్ని బట్టి రాసిన వివరణలను దాచే చోటు అది. 2009లో షార్జా బినాలే (రెండేళ్లకోసారి జరిగే కళా ప్రదర్శన) కోసం అక్కడి రేవులో సోమాలియాకు సరుకు మోసే చెక్క ఓడల మీద పని చేశారు. ఆ పరిచయాలు అక్కడితో తెగలేదు. కచ్ ప్రాంత నావికులు తమ ఫోన్లలో తీసుకుని, పాటలు జోడించి ఒకరికొకరు పంపుకునే వీడియోలు ‘ఫ్రమ్ గల్ఫ్ టు గల్ఫ్ టు గల్ఫ్’ అనే 2013 నాటి సినిమాకు ఆధారమయ్యాయి. 2012లో జర్మనీలోని కాసెల్‌లో జరిగే పెద్ద కళా ప్రదర్శన డాక్యుమెంటాలో చోటు, 2025లో న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం మోమాలో ప్రత్యేక ప్రదర్శన.

సీవీలో చూస్తే ఇది పేరున్న వేదికల వరస. కాస్త ఆగి చూస్తే ఒక్కో పని పక్క పనికి దారి తీసింది. 2009లో రేవులో కుదిరిన స్నేహమే 2013లో సినిమా అయింది. నావికుల ఫోన్లలో ఉన్న దృశ్యాలను ఎవరో వచ్చి ఒక్కరోజులో అడిగితే ఇవ్వరు. ఈ రంగంలో ఏళ్ల తరబడి అదే మనుషులతో ఉండటమే పెట్టుబడి, అందుకే వీళ్ల కెరీర్ నిదానంగా పెరిగినట్టు కనిపిస్తుంది.

ఒక పట్టపుపాలెంలో వినికిడి పెట్టె: మొదటి నుంచి చివరి దాకా

పని లోపల ఏముంటుందో తెలియాలంటే ఒక ఊహా ప్రాజెక్టును విప్పి చూడాలి. నెల్లూరు జిల్లా తీరంలో ఏదో ఒక పట్టపుపాలెం, అంటే పట్టపు మత్స్యకారుల ఊరు, అనుకుందాం. గాలుల గురించి, నీటి రంగు గురించి, తెప్పల రోజుల గురించి పెద్దవాళ్లు చెప్పే మాటలను వాళ్ల గొంతుల్లోనే రికార్డు చేసి, వలలు బాగుచేసుకునే పాక దగ్గర మీట నొక్కితే వినిపించే నాలుగు పెట్టెలు పెట్టాలన్నది ఆలోచన.

మొదటి చిక్కు కాలంతో వస్తుంది. తూర్పు తీరంలో మరబోట్లకు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మగవాళ్లు ఒడ్డున ఉండేది, తీరిగ్గా మాట్లాడేది అప్పుడే. మిగతా రోజుల్లో తెల్లవారుజామున వెళ్లి వచ్చినవాళ్లను మధ్యాహ్నం మాటలకు కూర్చోబెట్టడం అన్యాయం. ఆడవాళ్ల సంగతి వేరు. చేపల అమ్మకం, ఎండబెట్టడం, ఇంటి పని మధ్య వాళ్లకు నిషేధ కాలంలో కూడా తీరిక దొరకదు. ఎక్కువ ప్రాజెక్టుల్లో మగవాళ్ల గొంతులే నిండటానికి ఇదొక కారణం. వాళ్లు పనిచేసే చోటికే వెళ్లి పావుగంట చొప్పున రికార్డు చేసుకునేలా పథకం వేయకపోతే పెట్టెలో సగం పాలెమే ఉంటుంది. పాలెంలో కట్టుబాట్లు చూసే పెద్దల మాట తీసుకోకుండా ఒక్క స్తంభం కూడా పాతలేరు. అయితే పెద్దలు సరే అన్నంత మాత్రాన ప్రతి ఇల్లూ సరే అన్నట్టు కాదు.

రికార్డింగులో తీరం పెట్టే ఇబ్బంది గాలి. మైకుకు నురుగు తొడుగు చాలదు, బొచ్చు తొడుగు కావాలి. నోటికి 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరం, స్థాయి అత్యధికంగా మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర, 80 హెర్ట్జ్‌కు దిగువ శబ్దాన్ని కోసే ఫిల్టరు: ఈ మూడూ పాటిస్తే అల హోరు వెనక్కి జరిగి మాట ముందుకొస్తుంది. హోరు పూర్తిగా పోవాలని సాఫ్ట్‌వేర్‌తో గట్టిగా తుడిస్తే గొంతు డబ్బాలో మాట్లాడినట్టవుతుంది. సముద్రం వినిపించనీయడమే మంచిది.

48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనోలో గంట రికార్డు దాదాపు 518 మెగాబైట్లు. 40 గంటలకు 21 జీబీ లోపే. చోటు చవక, మనిషి శ్రమే ఖరీదు. గంట మాటను అక్షరాల్లోకి దించడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. పట్టపువాళ్ల మాటలో తమిళపు యాస, తెలుగు కలిసి నడిచే చోట్ల ఇంకా ఎక్కువ. ఫోన్లో ఉండే ఆటోమేటిక్ లిప్యంతరం పత్రికల తెలుగుకు ఫరవాలేదు, ఈ మాటకు తడబడుతుంది. అందువల్ల ఆ పాలెం పిల్లలకే జీతమిచ్చి రాయించడం దయ కాదు, నాణ్యత కోసం తప్పనిసరి.

చిన్న ప్లేయరా, చిన్న కంప్యూటరా?

పెట్టెలో ఏం పెట్టాలన్నది పైకి సాంకేతిక ప్రశ్నలా కనిపిస్తుంది, నిజానికి అది ఎవరి అవసరం ముఖ్యమో తేల్చే ప్రశ్న. రెండు మార్గాలున్నాయి. మొదటిది డీఎఫ్‌ప్లేయర్ వంటి చిన్న ఎంపీ3 మాడ్యూలు, దానికి ఒక మైక్రోకంట్రోలర్, అంటే మీట నొక్కితే ఏది మోగాలో చెప్పే చిన్న చిప్. రెండోది రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటరు.

లెక్క కట్టి చూద్దాం. ప్లేయరు తరహా పెట్టె ఊరికే ఉన్నప్పుడు 0.3 వాట్లు తింటుందనుకుంటే రోజుకు 7 వాట్-అవర్లు. రోజుకు నాలుగు గంటలు మోగితే 2.5 వాట్ల చొప్పున మరో 10. మొత్తం 17. కంప్యూటరు పెట్టె ఊరికే ఉన్నా 1.5 వాట్లు తింటే రోజుకు 36, మోతకు మరో 10, మొత్తం 46. రెండింటికీ 20 వాట్ల సోలార్ పలక, 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ల లెడ్ బ్యాటరీ ఇద్దాం. బ్యాటరీలో 84 వాట్-అవర్లున్నా సగానికి మించి వాడితే త్వరగా చచ్చిపోతుంది కాబట్టి చేతికందేది 42. మంచి ఎండ రోజున నాలుగు గంటల పూర్తి వెలుతురు, 30 శాతం నష్టం లెక్కేస్తే పలక ఇచ్చేది 56. రెండు పెట్టెలూ నడుస్తాయి.

ఇక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చూడాలి. నెల్లూరు తీరానికి ఎక్కువ వాన ఈశాన్య రుతుపవనాలదే. ముసురు రోజున పలక పావు వంతే ఇస్తుంది, అంటే 14. ప్లేయరు పెట్టెకు రోజుకు 3 మాత్రమే తరుగు, 42ను తినేయడానికి రెండు వారాలు పడుతుంది. కంప్యూటరు పెట్టెకు రోజుకు 32 తరుగు, రెండో రోజుకే ఆగిపోతుంది. పైగా కరెంటు ఉన్నట్టుండి పోయినప్పుడు కంప్యూటరు ఏదో రాసుకుంటూ ఉంటే మెమరీ కార్డు పాడవుతుంది. కార్డును చదవడానికి మాత్రమే వీలుండేలా అమర్చితే ఆ బాధ తప్పుతుంది కానీ, ఆ అమరిక తెలిసిన మనిషి పాలెంలో ఉండాలి. ప్లేయరు కార్డులో 0001, 0002 అని అంకెల పేర్లున్న ఫైళ్లు పెడితే చాలు, ఫోన్ రిపేరు దుకాణంలోని కుర్రాడు కూడా మార్చగలడు. అయితే ప్లేయరుకూ మైక్రోకంట్రోలర్‌కూ మధ్య సంకేతపు తీగలో 1 కిలో-ఓమ్ రెసిస్టర్ పెట్టకపోతే స్పీకర్లో గీరుడు శబ్దం వస్తుంది. కొత్తవాళ్లు దాన్ని స్పీకరు లోపమనుకుని స్పీకర్లు మారుస్తూ పోతారు.

మరి కంప్యూటరును ఎందుకు ఎంచుకుంటారు? అది ఇంటర్నెట్‌కు తగిలి, ఎవరు ఎన్నిసార్లు మీట నొక్కారో లెక్క పంపగలదు. డబ్బిచ్చినవాళ్లకు నివేదికలో చూపడానికి అంకెలు దొరుకుతాయి. పెట్టె ముసురులో ఆగకుండా ఉండటం పాలెం అవసరం, ఎన్నిసార్లు మోగిందో తెలియడం దాత అవసరం. కళాకారిణి ఎటు మొగ్గుతుందో ఆ చిన్న డబ్బా చెప్పేస్తుంది. ఈ వ్యాసానికి సంబంధించినంత వరకు ప్లేయరే సరైనది. లెక్క కావాలంటే పాకలో కూర్చునేవాళ్లను అడగవచ్చు.

ఉప్పుగాలి గురించి తీరంవాళ్లకు చెప్పనక్కర్లేదు. మామూలు ఇనుప మరలు కొద్ది నెలల్లో తుప్పుపట్టి ఊడిరావు, 316 రకం స్టెయిన్‌లెస్ కావాలి. తీగలు పెట్టె అడుగు నుంచే లోపలికి రావాలి, పెట్టెలోకి దూరే ముందు కిందికి ఒక వంపు తిరగాలి, అప్పుడు నీటిచుక్క అక్కడే రాలిపోతుంది. గాలి చొరకుండా పూర్తిగా బిగిస్తే పగటి వేడికి, రాత్రి చలికి లోపలే తేమ పట్టి సర్క్యూట్లు పచ్చబారతాయి, అందుకే చిన్న గాలిరంధ్రపు మూత పెడతారు. కాగితపు శంకువున్న స్పీకరు ఒక్క వానాకాలం కూడా నిలవదు, ప్లాస్టిక్ శంకువున్నది తీసుకోవాలి. తుపాను హెచ్చరిక వచ్చిన రోజున పెట్టెలు విప్పి లోపల దాచే మనిషి ఎవరో ముందే తేలి ఉండాలి. మైకు పెద్దది పెట్టి ఊరంతా వినిపిద్దామంటే రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ల మీద 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ఆంక్ష ఉంది. ఎఫ్ఎంలో ప్రసారం చేద్దామంటే కమ్యూనిటీ రేడియో లైసెన్సు లేకుండా చిన్న ట్రాన్స్‌మిటర్ కూడా పెట్టకూడదు.

ఆరు లక్షల రూపాయలు ఎటు పోతాయి

పై ప్రాజెక్టుకు 18 నెలలకు 6,00,000 రూపాయల గ్రాంటు వచ్చిందనుకుందాం. అంకెలు ఉదాహరణకే, నిష్పత్తులు మాత్రం వాస్తవానికి దగ్గర. మాటలు చెప్పిన 12 మందికి పదేసి పూటలు, పూటకు 700 చొప్పున 84,000. రాతకు, రికార్డింగుకు ఇద్దరు పాలెం యువకులకు ఆరు నెలలు, నెలకు 8,000 చొప్పున 96,000. రికార్డరు, మైకులు, హెడ్‌ఫోన్లకు 45,000. నాలుగు పెట్టెలకు 36,000. గది అద్దె, బస్సు, ఆటోలకు నెలకు 7,000 చొప్పున 1,26,000. అచ్చు, అనువాదం 40,000. అనుకోని ఖర్చులకు పదిశాతం, 60,000. తర్వాతి మూడేళ్ల నిర్వహణకు ఏడాదికి 12,000 చొప్పున 36,000. అన్నీ కలిపి 5,23,000. కళాకారిణికి మిగిలేది 77,000. పద్దెనిమిది నెలలకు పంచితే నెలకు 4,300 కూడా రాదు.

ఇక్కడే కెరీర్ నడక అర్థమవుతుంది. ఒక్క గ్రాంటు మీద ఎవరూ బతకరు. బడుల్లో వర్క్‌షాపులు, డిజైన్ పనులు, కాలేజీలో గంటల లెక్కన పాఠాలు, ప్రదర్శనకు పిలిచినప్పుడు ఇచ్చే పారితోషికం కలిపితేనే ఇల్లు గడుస్తుంది. లేదా జాబితాలో ఏదో ఒక వరస కొట్టేస్తారు. మొదట కొట్టేసేది దాదాపు ఎప్పుడూ చివరి 36,000నే. పెట్టెలు ప్రారంభమైన రోజున ఫొటోలు వస్తాయి, మూడో ఏట బ్యాటరీ మార్చిన రోజున ఎవరూ ఫొటో తీయరు కాబట్టి.

డబ్బు వచ్చే దారులు తక్కువే అయినా ఉన్నాయి. కేంద్ర సాంస్కృతిక శాఖ 18–25 ఏళ్ల కళాకారులకు నెలకు 5,000, జూనియర్ ఫెలోషిప్ కింద 10,000, సీనియర్‌కు 20,000 చొప్పున రెండేళ్లు ఇస్తుంది. బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ 1995 నుంచి దేశమంతటా గ్రాంటులు ఇస్తోంది. దిల్లీలోని ఖోజ్ 1997 నుంచి రెసిడెన్సీలు, అంటే కొంతకాలం ఉండి పనిచేసుకునే వీలు, నడుపుతోంది. కొచ్చి-ముజిరిస్ బినాలే 2012 నుంచి జరుగుతోంది, విద్యార్థులకు దానికి అనుబంధంగా వేరే వేదిక ఉంది. దరఖాస్తులు ఎక్కువగా ఇంగ్లీషులోనే చదువుతారన్నది మన జిల్లాల పిల్లలకు పెద్ద అడ్డు. ఇక కంపెనీల సామాజిక బాధ్యత నిధులు. 2013 కంపెనీల చట్టం ప్రకారం కళ, సంస్కృతి కూడా ఆ ఖర్చుకు అర్హమైనవే. నెల్లూరు, ప్రకాశం తీరంలో, గనుల ప్రాంతాల్లో పరిశ్రమలకు కొదవ లేదు. కానీ పాలెంవాళ్లు ఆ పరిశ్రమ గురించే ఏదైనా చెబితే పెట్టెలో ఉంచుతారా, తీసేస్తారా? ఒప్పందంలో ‘ఏం వినిపించాలో నిర్ణయించేది పాలెం బృందమే’ అన్న వాక్యం లేకుండా ఆ డబ్బు తీసుకుంటే తర్వాత కళాకారిణి చేతిలో ఏమీ ఉండదు.

గొంతు ఒకరిది, హక్కు ఇంకొకరిది

1957 కాపీరైట్ చట్టం ప్రకారం ధ్వని ముద్రణకు తొలి యజమాని దాని నిర్మాత, అంటే ముద్రణకు పూనుకుని బాధ్యత తీసుకున్నవారు. ఆ హక్కు ప్రచురణ నుంచి 60 ఏళ్లు. అంటే కాగితం ఏమీ రాసుకోకపోతే పాలెం పెద్దాయన చెప్పిన మాటల రికార్డు కళాకారిణిదో, డబ్బిచ్చిన సంస్థదో అవుతుంది. పాట పాడినవారికి ప్రదర్శకుల హక్కు విడిగా 50 ఏళ్లు ఉంది. మామూలు ముచ్చటకు మాత్రం రాతపూర్వక ఒప్పందమే దిక్కు.

మంచి ఒప్పందంలో అనుమతి మూడు మెట్లుగా ఉంటుంది: పాలెంలో వినిపించడానికి, బయట ప్రదర్శనలో వినిపించడానికి, ఇంటర్నెట్‌లో పెట్టడానికి. ఒక్కోదానికి విడివిడిగా సరే, వద్దు. చదవడం రానివారికి ఒప్పందాన్ని చదివి వినిపించి, సమ్మతిని కూడా గొంతులోనే రికార్డు చేస్తారు. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఒక సూత్రం చెబుతుంది: సమ్మతి ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడం అంతే తేలికగా ఉండాలి. పెట్టెలోంచి, సొంత వెబ్‌సైటులోంచి తీసేయడం నిమిషాల పని. వేరేవాళ్లు దింపుకుని వాట్సాప్‌లో పంచుకున్నదాన్ని తీసేయడం ఎవరివల్లా కాదు. ఆ సంగతి సంతకానికి ముందే చెప్పాలి, తర్వాత కాదు.

ఉదయగిరి చెక్క చెంచాలతో ఈ చిక్కు ఇంకో రూపంలో వస్తుంది. దుర్గం కొండల కర్రతో చేసే ఆ చెంచాలు, గరిటెలు, ఫోర్కులకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఎవరైనా కళాకారుడు మంచి మనసుతోనే ఆ నమూనాలను ఫోనుతో త్రీడీ స్కాన్ చేసి అందరికీ అందుబాటులో పెడతాడనుకుందాం. ఒక్కో చెంచాకు చుట్టూ తిరుగుతూ 60–80 ఫొటోలు, ఒక్కోదానికీ పక్కదానికీ 70 శాతం దృశ్యం కలిసేలా తీస్తే సాఫ్ట్‌వేరు ఆకారాన్ని కట్టేస్తుంది. పలచని అంచులు, పిడి మీది జాలీ పని దగ్గర అది చేతులెత్తేస్తుంది, మెరిసే చోట కూడా. ఏదోలా సరిచేసి ఫైలు పెడితే ఎక్కడో ఒక సీఎన్‌సీ యంత్రం, అంటే కంప్యూటరు ఫైలును చూసి చెక్కే యంత్రం, ఆ ఆకారాన్ని చెక్కేయగలదు. భౌగోళిక గుర్తింపు కాపాడేది ‘ఉదయగిరి’ అన్న పేరును. ఆ పేరు వాడకుండా అదే ఆకారం అమ్మితే అది అడ్డుపడదు. డిజైన్ల చట్టం కొత్త డిజైన్లనే నమోదు చేస్తుంది, తరాలుగా అందరికీ తెలిసినది కొత్తది కాదు. కాబట్టి ఫైలును బయట పెట్టడమా, సంఘం దగ్గరే తాళంవేసి ఉంచడమా అన్న నిర్ణయమే అక్కడ రక్షణ. ‘అందరికీ తెరిచి ఉంచడం మంచిదే కదా’ అన్న సాఫ్ట్‌వేరు లోకపు నమ్మకం చేతిపనివాళ్ల దగ్గరికి వచ్చేసరికి తిరగబడవచ్చు.

కళగా తూచాలా, మేలుగా తూచాలా

ఈ తరహా పనుల మీద రెండు దశాబ్దాలుగా నడుస్తున్న వాదంలో రెండు పక్షాలున్నాయి. అమెరికా విమర్శకుడు గ్రాంట్ కెస్టర్ మనుషుల మధ్య ఓపికగా సాగే సంభాషణే కళారూపమని అంటాడు. పెట్టె అందంగా ఉందా అన్నది రెండో మాట, దాని చుట్టూ ఏ మాటలు పుట్టాయన్నది మొదటిది. బ్రిటిష్ విమర్శకురాలు క్లేర్ బిషప్ 2006లో దీనికి ఎదురు నిలిచింది. మంచితనాన్ని బట్టే మార్కులు వేస్తే చెడ్డ కళను కూడా మెచ్చుకోవాల్సి వస్తుందని, ఇబ్బంది పెట్టే, ఏకాభిప్రాయాన్ని చెదరగొట్టే పనికి చోటుండదని ఆమె వాదన. రెండింటిలోనూ బలముంది. ఎవరూ వినని, వినాలనిపించని రికార్డు ఎంత న్యాయంగా తీసినా పాకలో దుమ్ముపడుతుంది. కూర్పు, నిశ్శబ్దం, ఏ మాట తర్వాత ఏ మాట అన్నవి చూసుకోకపోతే అది గణాంకాల సేకరణే.

మూడో విమర్శ మన దగ్గరిది, ఎక్కువ పదునైనది కూడా. తోలుబొమ్మలు ఆడించే కుటుంబం ఉండగా బయటి నుంచి వచ్చినవారికి ‘సామాజిక కళాకారుడు’ అన్న పేరు, గ్రాంటు ఎందుకు? దీనికి సూటి జవాబు లేదు. గ్రాంటు రాసే భాష, దాతలకున్న పరిచయాలు ఒక వర్గం దగ్గరే పోగుపడ్డాయి. కొందరు కళాకారులు బొమ్మలాట కుటుంబాలను సహరచయితలుగా పేరుపెట్టి, పారితోషికాన్ని సమంగా పంచుకుని దీన్ని ఎదుర్కొంటారు. మిగతావాళ్లు ‘సహకారం’ అన్న వరసలో చిన్న అక్షరాల్లో వాళ్ల పేర్లు వేస్తారు. ఆహ్వానపత్రిక చివరి పేజీ చూస్తే ఏది ఏదో తెలిసిపోతుంది.

గ్యాలరీ నుంచి పాలెం దాకా

పాలెం పని నగర ప్రదర్శనకు వెళ్తే దాని రూపం మారుతుంది. చల్లని గదిలో తెల్లని గోడకు హెడ్‌ఫోన్లు వేలాడుతుంటాయి. వీడియో, ధ్వని పనులను సాధారణంగా మూడో ఐదో ప్రతులకు పరిమితం చేసి, ధ్రువపత్రంతో అమ్ముతారు. అమ్మకం జరిగితే పాలెం వాటా ఎంత, అది ఎవరి ఖాతాకు వెళ్లాలి అన్నది ముందే రాసుకోకపోతే తర్వాత అడగడానికి ఎవరికీ మొహం చెల్లదు.

ఎక్కువ కాలం నిలిచిన కెరీర్లలో వస్తువు కంటే నిర్వహణను పనిగా తీసుకున్నవి ఉన్నాయి. న్యూయార్క్‌లో మియెర్లే లాడెర్‌మన్ యుకెలెస్ 1977 నుంచి ఆ నగర పారిశుద్ధ్య శాఖలో జీతం లేని ఆస్థాన కళాకారిణి. 1979–80లో 8,500 మంది పారిశుద్ధ్య కార్మికుల్లో ఒక్కొక్కరితో చెయ్యి కలిపి కృతజ్ఞత చెప్పడమే ఆమె చేసిన కళ. క్వీన్స్ మ్యూజియంలో ఆమె పనినంతా కలిపి చూపిన ప్రదర్శన 2016లో గానీ జరగలేదు. తెలుగు నేల మీద ఇంకో రకం ఉదాహరణ ఉంది. జహీరాబాద్ దగ్గర మాచనూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో పనిచేసే దళిత మహిళలు 2008 నుంచి 90.4 ఎఫ్ఎంలో సంఘం రేడియో నడిపారు. అక్కడ కళాకారుడెవరూ రాలేదు. రికార్డింగు, ఎడిటింగు, ప్రసారం మహిళల చేతుల్లోనే ఉన్నాయి. కళాకారుల ప్రాజెక్టుల్లో చాలావాటికి చివర్లో దొరకని బదిలీ అక్కడ మొదటి రోజునే జరిగింది.

మన ఊహా పాలెంలో ఆ బదిలీకి కొన్ని వస్తువులు కావాలి. సర్క్యూట్ బొమ్మ తెలుగులో, విడిభాగాలు ఏ రకానివో రాసిన కాగితంతో. పెట్టె తాళాలు రెండు జతలు. ధ్వని ఫైళ్ల మూడు ప్రతులు, వాటిలో ఒకటి పాలెం బడిలో. నిర్వహణ డబ్బు కళాకారిణి ఖాతాలో కాకుండా పాలెం మహిళా సంఘం ఖాతాలో. సర్క్యూట్ విప్పి బిగించడం కనీసం ఇద్దరికి రావాలి, ఎందుకంటే ఒక్కరికే నేర్పితే ఆ ఒక్కరు చెన్నైకి పనికి వెళ్లిన రోజున పెట్టె ఆగిపోతుంది. పెట్టె ఇక వద్దని పాలెం అనుకునే హక్కు కూడా కాగితం మీద ఉండాలి: పలక బడికి, బ్యాటరీ పాత బ్యాటరీలు కొనే దుకాణానికి, ఎవరి గొంతు ఉన్న ఫైలు వాళ్లింటి ఫోనుకు.